ఆమె పదకొండుసార్లు అడిగింది

మా బడి ఒకటో తరగతి టీచరు చనిపోయింది. పోయిన నెల ఒక గురువారం ఉదయం ఆరుంబావుకి వాళ్ళమ్మాయి ఫోను చేసి, "పెద్ద టీచరుగారూ, అమ్మ లేవట్లేదండీ" అంది. నేను చీర మార్చుకుని వీధి దాటి వెళ్ళేసరికి ఆరూ నలభై అయింది. మంచం మీద కుడివైపుకి తిరిగి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని ఉంది. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. ఆమెకు అరవై నాలుగేళ్ళు. నాకు డెబ్బై రెండు. ఈ వరస తప్పు.

ఇది ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. సగం కృతజ్ఞత, సగం పగ. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు పగ ఉండకూడదంటారు. ఆమె మీద ఉండకూడదు, నిజమే. ఆమెకు అన్యాయం చేసినవాళ్ళ మీద కూడా ఉండకూడదని నాకెవరూ చెప్పలేదు. అన్యాయం చేసినవాళ్ళు ఇద్దరు. ఒకరు అప్పటి మా హెడ్మాస్టరు. ఇప్పుడాయన అదే బడికి కరస్పాండెంటు, అంటే యాజమాన్యం తరఫున బడిని నడిపే మనిషి. రెండోవారి సంగతి దాని వరసలో చెబుతాను.

చిలకలూరిపేటకు బస్సులో ఇరవై నిమిషాల దూరం మా ఊరు. ఊరికి ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. ఊళ్ళోని ఎయిడెడ్ బడిలో ఆమె ముప్ఫై నాలుగేళ్ళు, మధ్యలో రెండేళ్ళు తప్ప, ఒకటో తరగతే చెప్పింది. అందులో ఇరవై నాలుగేళ్ళు నేను పక్కగదిలో ఐదో తరగతి చెప్పాను. మధ్యలో ఇటుకన్నర గోడ. ఆమె గొంతు నాకు వినపడేది, నా బెత్తం ఆమెకు వినపడేది. ఆమె దగ్గర బెత్తం లేదు.

ఆమె వేటపాలెం మనిషి. వాళ్ళమ్మ అక్కడ జీడిపప్పు కార్ఖానాలో గింజలు కొట్టేది. జీడి రసానికి ఆవిడ వేళ్ళ కొసలు నల్లబడి చచ్చేదాకా అలాగే ఉన్నాయట. కూతురు చర్చి బడిలో చదువుకుని, టీచరు ట్రైనింగు పూర్తిచేసి, మా ఊరికి కోడలిగా వచ్చి, మా బడిలో చేరింది. చేరిన రోజున చెప్పులు తరగతి గది బయట విప్పి లోపలికి వెళ్ళింది. "ఇదేమ్మా, గుడా, చర్చా?" అని నేను అడిగితే, "పిల్లలు కింద కూర్చుంటారు కదండీ. వాళ్ళు కూర్చునే చోట నేను చెప్పులతో ఎలా తిరగను?" అంది. రిటైరయ్యేదాకా అలాగే విప్పింది. నేను రెండు రోజులు విప్పి మానేశాను.

ఆమెకు ఒక అలవాటుండేది. ఎక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళనైనా "ఏం నేర్చుకొచ్చారు?" అని అడిగేది. పెళ్ళికి వెళ్ళొచ్చినా అదే ప్రశ్న, ఆసుపత్రి నుంచి వచ్చినా అదే ప్రశ్న. మిరపకాయ కోతలప్పుడు తల్లుల వెంట చేలకు పోయి నెల తర్వాత బడికొచ్చే పిల్లల్ని నేను గుమ్మంలోనే నిలబెట్టేదాన్ని. ఆమె పక్కన కూర్చోబెట్టుకుని, "ఏం నేర్చుకొచ్చావే?" అనేది. వాళ్ళు ఎర్రటి పండుకాయకీ తెల్లబారిన తాలుకాయకీ తేడా చెప్పేవాళ్ళు. మర్నాడు మిరపకాయలు తెప్పించి అదే పాఠం. సగం తరగతికి తుమ్ములు. గోడకి ఇవతల మాకూ తుమ్ములే.

ఇక శిక్షణల సంగతి. ఉద్యోగంలో ఉన్న టీచర్లకి ఏడాదికో రెండేళ్ళకో కొత్త పద్ధతులు నేర్పే శిక్షణలు ఉంటాయి. గుంటూరులో ఆరు రోజులు, ఒక్కోసారి పది రోజులు. వెళ్ళాలంటే హెడ్మాస్టరు మనల్ని పని నుంచి విడుదల చేస్తూ కాగితం మీద సంతకం పెట్టాలి. కరస్పాండెంటయ్యాక కూడా ఆయన ఆ సంతకం తన చేతిలోనే పెట్టుకున్నాడు. ఆ సంతకం లేకపోతే ఎవరు ఎంత పిలిచినా వెళ్ళడానికి లేదు. చిన్న తరగతుల శిక్షణ అని ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ ఆమె దరఖాస్తు పెట్టింది. ఆమె సర్వీసు మొత్తం మీద పదకొండు వచ్చాయి. ఏడింటికి ఆయన నన్ను పంపాడు, నాలుగింటికి డ్రిల్లు మాస్టారిని పంపాడు. ఆమెను ఒక్కదానికీ పంపలేదు.

"ఒకటో తరగతికి ట్రైనింగేంటమ్మా? అఆలు మారిపోతాయా?" అనేవాడు ఆయన.

"అఆలు మారవండీ. పిల్లలు మారతారు" అనేది ఆమె.

"మీరు వెళ్తే ఆ యాభై మందినీ ఎవరు చూస్తారు?"

"ఎవరినైనా పెట్టండి."

"ఎవరున్నారమ్మా పెట్టడానికి? మీరు లేకపోతే ఆ కోతిమూక ఎవరి మాటా వినదు. అదీ మీ గొప్పే కదా!"

మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది. వినేవాళ్ళకి ఆమెదే మొండితనంలా కనిపిస్తుంది. ఆ విద్యలో ఆయన్ని మించినవాడు నాకింతవరకూ తగల్లేదు.

నన్నే ఎందుకు పంపేవాడంటే, నా దస్తూరి బాగుంటుంది, నివేదిక రాసి పై ఆఫీసుకు పంపడానికి పనికొస్తుంది. ఐదో తరగతి మేష్టరమ్మను ఒకటో తరగతి శిక్షణలో కూర్చోబెట్టాడు. నేను వద్దనలేదు. పెద్దదాన్ని కనక పంపుతున్నారనుకున్నాను. కొంచెం గర్వం కూడా పడ్డాను.

నేను శిక్షణ నుంచి తిరిగొచ్చాక మొదటి శనివారం, ఆఖరి గంట కొట్టాక, ఆమె నోట్సు పుస్తకం పట్టుకుని నా గదికి వచ్చి పిల్లల బల్ల మీద కూర్చునేది. "చెప్పండి. ఏం నేర్చుకొచ్చారు?" నేను కుర్చీలో కూర్చుని చెప్పేదాన్ని. ఆమె అడిగే ప్రశ్నల్లో సగానికి నా దగ్గర జవాబుండేది కాదు. "శిక్షణలో చెప్పినాయన్ని మీరు అడగలేదా?" అనేది. అడగడానికి ఆ సందేహం నాకు రావాలి కదా. యాభై మంది ఐదేళ్ళ పిల్లల మధ్య నిలబడ్డవాళ్ళకి వచ్చే సందేహాలు అవి.

ఒక శనివారం విసుగొచ్చి, "ఇంత తాపత్రయం ఎందుకమ్మా నీకు? మనకొచ్చిందేదో చెప్పుకుపోదాం" అన్నాను.

ఆమె నవ్వలేదు. "మా అమ్మని కార్ఖానాలో చేరినప్పుడు మూడు రోజులు కూర్చోబెట్టి నేర్పారండీ, గింజ ఎలా కొట్టాలో. ఆ మూడు రోజులకీ కూలిచ్చారు. కొత్తరకం కత్తి వచ్చినప్పుడు మళ్ళీ ఒకరోజు నేర్పారు. మా అమ్మ మీద ప్రేమతో కాదు. పప్పు విరక్కూడదని. మరి పిల్లలు విరిగితే ఫర్లేదా టీచరుగారూ?" అంది.

ఇప్పుడు రెండోవారి వంతు.

ఒక ఏడు జూన్ మొదటివారంలో, బళ్ళు తెరవకముందు, లెక్కలు కొత్తగా చెప్పే పద్ధతి మీద ఆరు రోజుల శిక్షణ పెట్టారు. హెడ్మాస్టరు ఆమె దరఖాస్తు మీద "అడ్మిషన్ల పని ఉన్నది" అని రాసి, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించమన్నాడు. నేను వెళ్ళాను. గుంటూరు జూన్ ఎండ గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. రేకుల కప్పు కింద ఎనభై మందిమి. మూడో రోజు ఉదయం చెప్పినాయన చక్కగానే చెప్పాడు: ముందు పిల్లల చేతికి వస్తువులివ్వాలి, లెక్కపెట్టించాలి, తర్వాత వాటి బొమ్మలు గీయించాలి, అంకెలు రాయించడానికి తొందరపడకూడదు. నేను రాసుకున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకేదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను నిద్రపోయాను. గంటన్నర.

ఎండ అనీ, వయసనీ సాకులు చెప్పను. నా బడిలో నిద్రపోయిన పిల్లని నేను నిలబెట్టిన దాన్ని.

శనివారం ఆమె వచ్చి కూర్చుంది. వస్తువుల సంగతి, బొమ్మల సంగతి చెప్పాను. అంకెలు రాయించవద్దన్నారని చెప్పాను.

"ఎప్పటిదాకానండీ?"

నేను నోట్సు చూసుకున్నాను. మూడో రోజు పేజీలో ఉదయం రాసినదాని తర్వాత ఏమీ లేదు. తెలియదని చెప్పి ఉంటే అయిపోయేది. నాలుగక్షరాల మాట. నా నోట రాలేదు. "ఎప్పటిదాకా అంటే ఏంటమ్మా? రాయించవద్దన్నారు, అంతే" అన్నాను.

ఆమె అలాగే చేసింది. జిన్నింగు మిల్లు నుంచి పత్తిగింజలు తెప్పించి డబ్బాలో పోసుకుంది. పిల్లలు గింజలతో కూడికలు చేశారు, తీసివేతలు చేశారు, వందదాకా లెక్కపెట్టారు. దసరా దాటాక వచ్చి, "పిల్లలే అడుగుతున్నారండీ, దీన్ని ఎలా రాయాలి అని. చెప్పేయనా?" అంది. "శిక్షణలో చెప్పినదాన్ని మనం మార్చకూడదు" అన్నాను. నా మాట మీద ఆమె ఫిబ్రవరిదాకా ఒక్క అంకె రాయించలేదు.

ఫిబ్రవరిలో తనిఖీకి అధికారి వచ్చాడు. ఒక ఆడపిల్లని లేపి, "ఏమ్మా, ఏడు రాయి" అన్నాడు. ఆ పిల్ల డబ్బా దగ్గరికెళ్ళి ఏడు గింజలు ఏరుకొచ్చి ఆయన రిజిస్టరు మీద వరసగా పెట్టింది.

"రాయమన్నాను. పెట్టమనలేదు."

"ఏడేనండీ. లెక్కపెట్టుకోండి" అంది ఆ పిల్ల.

అధికారి పగలబడి నవ్వాడు. ఇంకో నలుగుర్ని లేపాడు. నలుగురూ గింజలే తెచ్చారు. నవ్వు ఆగిపోయింది. అప్పుడు పక్కనున్న మా హెడ్మాస్టరు అన్న మాట ఇటుకన్నర గోడలోంచి నాకు స్పష్టంగా వినపడింది. చదివేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

"ఆమెకి ట్రైనింగ్ లేదు సార్. అదీ సమస్య."

గోడకి ఇవతల నేను సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాను. గుమ్మం దాటితే ఎనిమిది అడుగులు. వెళ్ళి, తప్పు నాది అని చెప్పాలి. వెళ్ళలేదు. ఐదో తరగతి పిల్లలు నా మొహంలోకి చూస్తున్నారు. వాళ్ళ చేత ఎక్కాలు చదివించాను, గట్టిగా.

ఆమెకు మెమో ఇచ్చారు. సంజాయిషీ రెండే వాక్యాలు రాసింది: ఈ పద్ధతి నాకు నేర్పలేదు. నేర్పిస్తే చేస్తాను. "క్షమించండి అన్న మాట ఎక్కడమ్మా ఇందులో?" అని హెడ్మాస్టరు అడిగితే, "నేర్పనిదానికి క్షమాపణ ఎందుకండీ?" అంది. నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు. రెండేళ్ళపాటు ఆమెను ఒకటో తరగతి నుంచి తీసేశారు. మధ్యాహ్న భోజనం గుడ్లు లెక్కపెట్టడం, గంట కొట్టించడం, రానివాళ్ళ తరగతుల్లో కూర్చోవడం ఆమె పని. ఒకటో తరగతి గది ముందునుంచి వెళ్ళాల్సి వస్తే మైదానం చుట్టూ తిరిగి వెళ్ళేది.

ఆ రెండేళ్ళలోనే ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి చిలకలూరిపేట వెళ్ళి, అదే శిక్షణకు వచ్చిన ఒక టీచరును వెతికి పట్టుకుంది. ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని మిగిలిన సగం నేర్చుకుంది. బొమ్మ తర్వాత, పిల్ల తనంతట తాను అడిగిన రోజున, అంకె రాయించాలట. మధ్యాహ్నం చెప్పింది అదేనట.

ఒకటో తరగతి మళ్ళీ చేతికొచ్చాక ఆమె చేసినదంతా ఊరికి తెలుసు. మా పిల్లలు లెక్కల్లో మండలానికి ముందుండేవారు. అదంతా ఆదివారాల చదువు. బడి ఇవ్వని రోజుల్ని ఆమె తన ఇంటినుంచి తెచ్చి బడికి పెట్టింది.

నేను రిటైరైన రోజు సాయంత్రం, దండ మెడలోంచి తీసి బల్లమీద పెట్టి, ఆమెతో నిజం చెప్పాను. నిద్రపోయానని చెప్పాను. గోడవతల నిలబడ్డానని చెప్పాను.

"నాకు తెలుసండీ" అంది. "మీ నోట్సు నేను ఎత్తిరాసుకున్నాను కదా. మూడో రోజు చివర కలం గీత కిందికి జారిపోయి ఉంది. మీరు ఎప్పుడూ గీత తప్పరు. నిద్రపట్టిందనుకున్నాను."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే మీరు శనివారాలు మానేస్తారేమోనని."

అంటే నా మీద జాలితో కాదు. నేర్చుకోవడానికి ఆమెకు మిగిలిన ఒకే ఒక్క దారి నేను. ఆ దారి మూసుకుపోకూడదని ఆ అవమానం మింగింది. ఆమె నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు. నాకు ఆ అర్హత లేదు.

చనిపోయిన మూడో రోజున వాళ్ళింటి ముందు, కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థనకి, ఆదరణ కూటం పెట్టారు. షామియానా, నూటయాభై కుర్చీలు. వీధి చివర కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, గాలి అటునుంచే. అందరి కళ్ళల్లోనూ నీళ్ళే. కరస్పాండెంటు కూడా ఏడ్చినట్టే కనిపించాడు.

పాస్టరుగారు వాక్యం చెప్పాక ఆయన మైకు పట్టుకున్నాడు. "ఆమె పుట్టుకతోనే టీచరండీ. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క ట్రైనింగుకి వెళ్ళలేదు. ఆవిడకి అవసరమే లేదు! ఒకటో తరగతి గుమ్మం మీద బోర్డు రాయిస్తున్నాం, శిక్షణ అక్కరలేని గురువు అని" అన్నాడు. అంతటితో ఊరుకున్నా నేను కూర్చునే ఉండేదాన్నేమో. ఆయన టీచర్లు కూర్చున్న వరస వైపు తిరిగాడు. "ఇప్పటి పిల్లలు ప్రతిదానికీ ట్రైనింగు, ఆన్ డ్యూటీ అంటారు. ఆవిడ్ని చూసి నేర్చుకోవాలి" అన్నాడు.

ఆ వరసలో ఇప్పటి ఒకటో తరగతి టీచరు తల దించుకుంది. పాతికేళ్ళ పిల్ల. సోమవారం నుంచి గుంటూరులో ఆరు రోజుల శిక్షణ ఉంది, ఆమెకు పేరు పెట్టి పిలుపు వచ్చింది, బుధవారం ఆయన కుదరదన్నాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. చనిపోయిన మనిషిని తీసుకొచ్చి బతికున్న పిల్ల నోరు మూయిస్తున్నాడు. ఆ బోర్డు పడితే ఇక ఆ గదిలోకి వచ్చే ఏ టీచరూ శిక్షణ అడగలేదు. అడిగితే వేలెత్తి గుమ్మం వైపు చూపిస్తాడు.

నా సంచీలో పోయినావిడ దరఖాస్తులున్నాయి. ముందురోజే వాళ్ళమ్మాయి, "అమ్మ మీకివ్వమందండీ ఎప్పుడో" అని ఒక కాగితాల కట్ట ఇచ్చింది. పదకొండు దరఖాస్తులు. ప్రతిదాని మీదా ఎర్రసిరాతో ఆయన రాసిన మాట, సంతకం.

నేను లేచి వెళ్ళి మైకు అడిగాను. ఇచ్చాడు. నేను పొగుడుతాననుకున్నాడు.

కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి దరఖాస్తు తేదీతో సహా చదివాను. కింద ఆయన రాసినది: "తరగతి ఖాళీగా ఉంచరాదు." రెండోది: "ఒకటవ తరగతికి అవసరం లేదు." మూడోది: "వచ్చే సంవత్సరం చూడవచ్చును." నాలుగోది మళ్ళీ, "వచ్చే సంవత్సరం." ఒక్కో కాగితానికీ కళ్ళద్దాలు తుడుచుకున్నాను. నాకేమీ తొందర లేదు. ఐదోది చదివేసరికి కుర్చీల చప్పుడు ఆగిపోయింది. ఏడోది అయ్యేసరికి ఎవరో, "ఓరి నాయనో, ఇంకా ఉన్నాయా?" అన్నారు. "ఇంకా నాలుగున్నాయి. కూర్చోండి" అన్నాను. పదకొండోది చదివాను: "పదవీ విరమణ సమీపించినందున ప్రయోజనం లేదు."

"అవసరం లేక వెళ్ళలేదా ఈవిడ? పదకొండుసార్లు అడిగింది. పదకొండుసార్లు ఈయన కాదన్నాడు. పైగా అధికారి ముందు, ఆమెకి ట్రైనింగ్ లేదు, అదీ సమస్య అన్నది కూడా ఈయనే. నేను గోడపక్కన ఉండి విన్నాను" అన్నాను.

ఆయన లేచాడు. "అమ్మా, మరి ఆ ట్రైనింగులకి వెళ్ళింది మీరేగా?"

ఈ మాట వస్తుందని నాకు తెలుసు. అది ఆయనకి ఉన్న ఒకే ఒక్క కర్ర. దాన్ని అక్కడే విరవాలి.

"నేనే వెళ్ళాను. వెళ్ళి నిద్రపోయాను. ఆవిడ హక్కు నా చేతికిస్తే నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాను. సగం నేర్చుకొచ్చి మొత్తం అని చెప్పాను. ఆవిడ మెమో నాకు రావలసింది. ఇదిగో ఇంతమంది ముందు చెబుతున్నాను. ఇప్పుడు మీ వంతు. చెప్పండి" అన్నాను.

ఆయన పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు మెల్లగా దగ్గరికొచ్చి, "అమ్మగారూ, క్షమించడంలో ఆదరణ ఉందండీ" అన్నాడు. మంచివాడు.

"మా పెద్దలూ అదే చెప్పారండీ. కానీ ఆయన అడిగితేగా?" అన్నాను.

వెనకనుంచి ఒకతను లేచాడు. ఆమె దగ్గర ఒకటో తరగతి చదివినవాడే, స్పిన్నింగ్ మిల్లులో చేస్తున్నాడు. "మా మిల్లులో కొత్త మిషనొస్తే వారంరోజులు డ్యూటీలోనే నేర్పారండీ! దారం తెగకూడదని అంత చేస్తారు. మా పిల్లల టీచరుకి నేర్పడానికి మీకేం వచ్చింది?" అన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒకావిడ, "అడుగు, అడుగు! పోయినావిడ బతికుండగా నోరెత్తని మొగాళ్ళు ఇప్పుడైనా అడగండి!" అంది.

కరస్పాండెంటు రెండు చేతులూ పైకెత్తాడు. "పంపిస్తే తరగతి ఎవరు చూస్తారో మీరే చెప్పండి."

అందరూ నా వైపు చూశారు. నేను చూస్తాననడం తేలిక. ఆమె చివరి దరఖాస్తు పెట్టినప్పుడు అదే అన్నాను, ఆరు రోజులు నేనొచ్చి నీ తరగతిలో కూర్చుంటానని. ఆమె ఒప్పుకోలేదు. "మీరు దయతలిచి వస్తే ఈసారికి గడుస్తుందండీ. వచ్చేసారి ఇంకెవరి దయ? మనిషిని పెట్టడం ఆయన పని. నేర్చుకోవడం నా పనిలో భాగం. ఎవరి పని వాళ్ళు చెయ్యాలి" అంది. అలా ఆ పదకొండోదీ పోయింది. పోనిచ్చింది కానీ దానం తీసుకోలేదు.

"అది మీ పనండీ" అన్నాను ఆయనతో. "ముప్ఫై ఏళ్ళకు పైగా మీరు చెయ్యని పని."

కొత్త టీచరు బ్యాగులో విడుదల కాగితం టైపు చేసి ఉంది, సంతకం చోటు ఖాళీగా. ఆ పిల్ల దాన్ని తీసి ముందుకు చాపింది. పోయినావిడ కూతురు కలం తెచ్చింది. "ఇదంతా సోమవారం చూద్దాం" అన్నాడు ఆయన. "సోమవారం ఈవిడ గుంటూరులో ఉంటుంది" అన్నాను. మిల్లు అబ్బాయి కుర్చీ తెచ్చి ఆయన ముందు వేశాడు. ఆయన పాటల పుస్తకం మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. నేను తీసుకుని చూసి, మళ్ళీ ఇచ్చాను. "ఆరు రోజులూ పని దినాలుగా పరిగణించబడును అని ఒక వాక్యం రాయండి. మీ చేత్తోనే." రాశాడు. ఈసారి నీలిసిరా.

"బోర్డు కూడా రాయించండి. కింద ఈ పదకొండు తేదీలు వెయ్యండి. తేదీలు నేనిస్తాను" అన్నాను. బోర్డు ఇంతవరకూ రాలేదు. వస్తే మళ్ళీ వెళతాను.

ఇది చదివేవాళ్ళలో టీచర్లుంటే ఒక్క మాట. మిమ్మల్ని పుట్టుకతోనే టీచరని ఎవరైనా పొగిడితే నమస్కారం పెట్టి, నాకు శిక్షణ ఎప్పుడిస్తారని అడగండి. పుట్టుకతో ఎవరూ ఏమీ కాదు. ఆమె ఎన్ని ఆదివారాలు బస్సెక్కిందో నాకు తెలుసు. ఆ ఆదివారాలను తుడిచేసి, అంతా దేవుడిచ్చిన వరమంటే దేవుడికేం నష్టం లేదు. ఆమె కష్టం మాత్రం ఆమెది కాకుండా పోతుంది. ఆ దొంగతనాన్ని నేను క్షమించలేదు. ఆయనకీ తెలియాలనే ఇది అచ్చుకిస్తున్నాను.

సోమవారం ఉదయం నేను బడికి వెళ్ళాను. కొత్త టీచరు ఏడుగంటల బస్సుకే వెళ్ళిపోయింది. కరస్పాండెంటు ఎవరినీ పెట్టలేదు. ఒకటో తరగతిని రెండో తరగతిలో కలిపేద్దామనుకున్నాడు. మిగిలిన ఐదుగురు టీచర్లూ తరగతులు కలపబోమని రాసి, సంతకాలు చేసి, ఆయన బల్ల మీద పెట్టారు. ఇక మిగిలింది ఆయనే. ఒకప్పుడు ఆయనా టీచరే కదా.

నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. లోపల నలభై ఒక్కమంది పిల్లలు. ఇస్త్రీ చొక్కాలో ఆయన, చేతిలో సుద్దముక్క. "కూర్చోండి" అన్నాడు. సగం మంది కూర్చున్నారు. "నుంచోండి" అన్నాడు, మిగతా సగం కూర్చున్నారు. నల్లబల్ల మీద అ రాశాడు. అది మాకొచ్చు అన్నారు. ఆ రాశాడు. అదీ వచ్చన్నారు. ముందు వరసలోంచి ఒక పిల్ల, రెండు జడలది, లేచి ఆయన దగ్గరికొచ్చింది.

"తాతా, మా టీచరు ఏరీ?"

"గుంటూరు వెళ్ళింది."

"ఎందుకు?"

ఆయన కిటికీ వైపు చూశాడు. నన్ను చూశాడు. నేను కదల్లేదు.

"నేర్చుకోడానికి" అన్నాడు.

ఆ పిల్ల ఆయన్ని తలెత్తి చూసింది. "మరి నువ్వెళ్ళలేదా?" అంది.

నలభై ఒక్క మొహాలు జవాబు కోసం చూస్తున్నాయి. ఆయన చెయ్యి నల్లబల్ల దగ్గర ఎత్తినది ఎత్తినట్టే ఉంది. సుద్దపొడి మణికట్టు మీదుగా ఇస్త్రీ చొక్కా చేతిలోకి సన్నగా జారుతోంది.